నవ్వించినవాడు, నిలదీసినవాడు

డిగ్రీ చదివే రోజుల్లో కళాశాల వార్షికోత్సవం వచ్చిందంటే నేనూ, నా హాస్టల్ మిత్రుడూ కలిసి హాస్య నాటిక వెయ్యవలసిందే. మూడేళ్ళలో మూడు నాటికలు వేశాం. కథ మారినా పాత్రలు మారలేదు. నేను దొర, వాడు జీతగాడు. నేను గద్దిస్తాను, వాడు తడబడతాడు. నేను చెయ్యెత్తుతాను, వాడు కింద పడతాడు. వాడు పడిన ప్రతిసారీ హాలు హోరెత్తేది. మా ఇద్దరిదీ ఒకే కులం, ఒకే హాస్టల్ గది. అయినా నా ఒంటి రంగు కాస్త చామనచాయ అనీ, నా మాట ‘శుద్ధంగా’ ఉంటుందనీ దొర వేషం నాకు దక్కింది. వాడి నలుపుకీ, యాసకీ జీతగాడి వేషం దక్కింది. నాటిక అయిపోయాక నా వేషం వేదిక మీదే ఉండిపోయేది. వాడి వేషం మాత్రం వాడితో పాటు తరగతి గదిలోకి వచ్చేది. మూడేళ్ళూ తోటి విద్యార్థులు వాణ్ణి ఆ జీతగాడి పేరుతోనే పిలిచారు.

చివరి ఏడాది నేను వాణ్ణి నిలదీశాను. ‘ఎందుకురా ఈ వేషం? మనల్ని చూసి మనవాళ్ళే తలదించుకోవాలా?’ అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. ‘నువ్వు మాట్లాడితె ఆళ్ళు ఇనరురా. నేను కింద పడితె సూస్తరు. నేను పడ్డంకనే గద నీ మాట ఇనేది’ అన్నాడు. ఆ జవాబు నాకు లొంగుబాటులా వినిపించింది. నా ప్రశ్న వాడికి అహంకారంలా వినిపించి ఉంటుంది. ఒకే గదిలో ఉంటూ కూడా కొన్ని నెలల పాటు మేం మాట్లాడుకోలేదు.

ఆ తగాదాలో న్యాయం ఎవరిదని చాలా ఏళ్ళు ఆలోచించాను. నూటపాతికేళ్ళ కిందటి ఇద్దరు నల్లజాతి హాస్యనటుల జీవితం చదివిన తర్వాతనే, అసలు ప్రశ్ననే మేం తప్పుగా వేసుకున్నామని అర్థమైంది. ఆ ఇద్దరు బర్ట్ విలియమ్స్, జార్జ్ వాకర్. కుల ప్రశ్నను చర్చించే ఈ పేజీలో అమెరికా నటుల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. జోతిరావు ఫూలే 1873లో తన ‘గులామ్‌గిరి’ని బానిసత్వ నిర్మూలన కోసం పోరాడిన అమెరికన్లకు అంకితం చేశాడు. అంబేద్కర్ 1946లో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు. ఆ పోరాటాన్ని మన పోరాటం పక్కన పెట్టి చూసే సంప్రదాయం మనకు కొత్తది కాదు. అయితే ఆ పోలికను మనం ఎక్కువగా నాయకుల దగ్గర, చట్టాల దగ్గర వెతుకుతాం. వేదిక మీద నవ్వించిన వాళ్ళ దగ్గర వెతకం.

విలియమ్స్ 1874లో బహామాస్ దీవుల్లోని నాసౌలో పుట్టాడు, కాలిఫోర్నియాలో పెరిగాడు. నెమ్మదస్తుడు, పుస్తకాల మనిషి. వాకర్ కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణం వాడు. నాటు మందులు అమ్మే బృందాల వెంట ఆడుతూ పాడుతూ ఊళ్ళు దాటి పడమటి తీరం చేరాడు. ఇద్దరూ 1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కలిశారు. పదహారేళ్ళ పాటు వారి పేర్లు విడివిడిగా వినబడలేదు. విలియమ్స్ అండ్ వాకర్ అంటే ఒక్క పేరే.

వాళ్ళు అడుగుపెట్టిన వేదిక ఎవరిదో ముందు గుర్తుంచుకోవాలి. 1830ల నుంచీ అమెరికాలో తెల్ల నటులు బిరడా కాల్చిన మసిని ముఖానికి పూసుకొని, నల్లవాళ్ళను సోమరులుగా, దొంగలుగా, మాట తిరగని మందమతులుగా ఆడి చూపించి నవ్వించేవారు. ఆ వినోదం ఎంతగా పాతుకుపోయిందంటే, అటువంటి వేషాల్లో ఒకదాని పేరైన ‘జిమ్ క్రో’ తర్వాతి కాలంలో వర్ణ వివక్ష చట్టాలకే పేరైంది. ఒక హాస్య పాత్ర పేరు శాసనానికి మారుపేరు కావడం చిన్న సంగతి కాదు. ముందు నవ్వు వచ్చింది, ఆ నవ్వు వెనకే చట్టం వచ్చింది. విలియమ్స్, వాకర్ న్యూయార్క్ చేరిన 1896లోనే ఆ దేశపు సుప్రీంకోర్టు ప్లెస్సీ కేసులో ‘వేరుగా ఉంచినా సమానమే’ అనే సూత్రానికి ఆమోదముద్ర వేసింది.

అటువంటి వేదిక మీదకు ఇద్దరు నల్ల యువకులు వెళ్ళాలంటే ఉన్నది ఒక్కటే ద్వారం. తెల్లవాళ్ళు కట్టిపెట్టిన నల్ల బొమ్మలోకి దూరి వెళ్ళాలి. వాళ్ళు తమను తాము ‘ఇద్దరు అసలైన కూన్లు’ అని ప్రకటించుకున్నారు. ‘కూన్’ అన్నది నల్లవాళ్ళను తిట్టే మాట. మన దగ్గర కులం పేరును తిట్టుగా వాడినట్టే వాడేవారు. మసి పూసుకున్న తెల్లవాళ్ళు నకిలీలు, అసలు సరుకు మేమే అన్నది ఆ ప్రకటనలోని ఎత్తు. దీన్ని 1994లో మొదలైన దండోరా ఉద్యమంతో పోల్చాలని ఎవరికైనా అనిపిస్తే, తేడాను కూడా గమనించాలి. దండోరాలో కులం పేరును ఇంటిపేరులా ధరించినవారు తిట్టును జెండాగా మార్చారు. దాని వెనక ఒక జనసమూహం, ఒక డిమాండు ఉన్నాయి. విలియమ్స్, వాకర్‌ల వెనక అప్పటికి ఎవరూ లేరు. వాళ్ళు తిట్టును టికెట్టుగా మార్చారు. ఆ టికెట్టు ఖరీదు వాళ్ళకు తెలుసు. పోను పోను దాన్ని ఎలా వదిలించుకోవాలన్న దగ్గరే ఇద్దరి దారులూ వేరయ్యాయి.

మొదట్లో నవ్వించేవాడు వాకర్. విలియమ్స్ గంభీరంగా నిలబడి అతనికి మాట అందించేవాడు. జనం విలియమ్స్‌ను చూసే ఎక్కువ నవ్వుతున్నారని గమనించి పాత్రలు మార్చుకున్నారు. ఇక్కడే వర్ణవ్యవస్థ తన విచిత్రమైన తర్కాన్ని చూపించింది. విలియమ్స్ ఒంటి రంగు లేత. ప్రేక్షకులు ఆశించే నలుపు అతనిలో లేదు. కాబట్టి అతను మసి పూసుకున్నాడు. వాకర్ సహజంగానే నల్లనివాడు. అతను మసి లేకుండా, ఖరీదైన సూటు వేసుకొని, చేతికర్ర తిప్పుతూ షోకిలా పాత్ర ధరించాడు. నల్లవాడు నాగరికుడి వేషం వేశాడు. లేత రంగువాడు కటిక నలుపు వేషం వేసి తడబడ్డాడు. మా నాటికల్లో రంగును బట్టి వేషాలు పంచారు. వాళ్ళ దగ్గర వేషాన్ని బట్టి రంగే పూయవలసి వచ్చింది. నిచ్చెనమెట్ల వ్యవస్థలో ఏ మెట్టు మీద నిలబడాలో నిలబడేవాడు నిర్ణయించుకోలేడు, చూసేవాడు నిర్ణయిస్తాడు.

ఆ మసి గురించి ఇద్దరి అభిప్రాయాలూ ఒకటి కావు. నల్లవాడు తనను తాను చూపించుకోవడానికి తనను తానే వికృతం చేసుకోవడం కన్నా అసంబద్ధమైనది లేదని వాకర్ 1906లో ఒక రంగస్థల పత్రికలో రాశాడు. విలియమ్స్ 1918లో రాసిన వ్యాసంలో చెప్పింది వేరు. తనను తాను వేరే మనిషిగా చూసుకోగలిగిన తర్వాతనే తనలోని హాస్యం వికసించిందని అతను చెప్పుకున్నాడు. అంటే ఒకరికి ఆ మసి సంకెల, మరొకరికి దాక్కునే చోటు. ఇరవై నాలుగు గంటలూ తెల్లవాడి చూపు కింద బతికే మనిషికి ముసుగు కూడా కాస్త ఊపిరి ఇస్తుందన్న సత్యం విలియమ్స్ మాటలో ఉంది. ఆ ఊపిరి కోసం తన జాతి మొత్తం ముఖాన్ని తాకట్టు పెడుతున్నామన్న సత్యం వాకర్ మాటలో ఉంది. రెండింటిలో ఏదీ అబద్ధం కాదు. అందుకే వాళ్ళ మధ్య ఒత్తిడి తీరేది కాదు.

స్వభావాలు కూడా తూర్పు, పడమర. వాకర్ దుస్తులకు, షికార్లకు దండిగా ఖర్చు పెట్టేవాడు. నిర్మాతలతో పేచీ పెట్టుకొని పెద్ద నాటకశాలలు కావాలని పట్టుబట్టేవాడు. పత్రికల ముందు మాట్లాడేది అతనే, లెక్కలు చూసేది అతనే. విలియమ్స్ మితభాషి, ముందు వెనకలు చూసి అడుగువేసేవాడు, అవమానాన్ని లోపలికి మింగేవాడు. అదే కాలంలో నల్లజాతి రాజకీయాల్లో కూడా ఇటువంటి వాదమే నడుస్తున్నది. సర్దుకుపోతూ పైకి రావాలన్న బుకర్ టి. వాషింగ్టన్ ఒక వైపు, హక్కు అడగకుండా గౌరవం రాదన్న డుబోయిస్ మరో వైపు. విలియమ్స్ తన నవ్వుతో జాతికి తనకన్నా ఎక్కువ మేలు చేశాడని వాషింగ్టన్ మెచ్చుకున్నాడు కూడా. దేశం మొత్తాన్ని చీల్చిన ఆ వాదం ఈ జంట నడుమ మేకప్ గదిలో ప్రతి సాయంత్రం కూర్చునేది.

అయితే దాడి చేసేవాడికి ఈ తేడాలు పట్టవు. 1900 ఆగస్టులో న్యూయార్క్‌లో తెల్ల మూకలు నల్లవాళ్ళ మీద పడ్డాయి. పేరున్న నల్ల నటులను పట్టుకోమని కేకలు వేస్తూ మూకలు తిరిగాయి. ఆ కేకల్లో విలియమ్స్ పేరు, వాకర్ పేరు రెండూ ఉన్నాయి. వాకర్ వీధి ట్రాము దగ్గర మూకకు చిక్కి ఎలాగో ప్రాణాలతో బయటపడ్డాడు. రాత్రి తమను నవ్వించిన వాళ్ళ పేర్లనే వేటకు వాడుకోవడంలో ఆ జనానికి ఏ వైరుధ్యమూ కనబడలేదు. నవ్వడం వేరు, మనిషిగా గుర్తించడం వేరు. ఈ తేడా తెలియక మనం ఎన్నోసార్లు చప్పట్లను గౌరవమని పొరబడతాం.

వాళ్ళ గొప్పతనం ఈ ఒత్తిడిని పనిగా మార్చుకోవడంలో ఉంది. 1894లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనశాలకు ఆఫ్రికాలోని దహోమీ ప్రాంతం నుంచి రావలసిన మనుషులు ఆలస్యమైతే, వారి స్థానంలో ‘ఆఫ్రికన్లు’గా నిలబడడానికి ఈ ఇద్దరినీ కూలికి పెట్టారు. తర్వాత అసలైన దహోమీ మనుషులు వచ్చాక వారి పాటలను, నాట్యాన్ని దగ్గర నుంచి చూశారు. ఆఫ్రికాను ఇతివృత్తంగా తీసుకోవాలన్న తలంపు అక్కడే పుట్టిందని వాకర్ రాశాడు. ఆ తలంపు నుంచి వచ్చిన ‘ఇన్ దహోమీ’ 1903 ఫిబ్రవరి 18న న్యూయార్క్ థియేటర్‌లో ప్రదర్శితమైంది. నల్లవాళ్ళే రాసి, నల్లవాళ్ళే స్వరపరచి, నల్లవాళ్ళే ఆడిన పూర్తి నిడివి సంగీత నాటకం బ్రాడ్‌వే పెద్ద నాటకశాలకు ఎక్కడం అదే మొదలు. కథ జెస్సీ షిప్‌ది, సంగీతం విల్ మేరియన్ కుక్‌ది, పాటల రచనలో కవి పాల్ లారెన్స్ డన్‌బార్ చెయ్యి ఉంది. వేదిక మీద అందరూ నల్లవాళ్ళే అయినా, ప్రేక్షకులుగా వచ్చిన నల్లవాళ్ళకు మాత్రం పై అంతస్తులోనే చోటు. ఆ ఏడాదే నాటకం లండన్ వెళ్ళింది, జూన్ 23న బకింగ్‌హామ్ రాజభవనంలో ఆడింది. డుబోయిస్ ‘ద సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్’ అచ్చయింది కూడా 1903లోనే. నల్లవాడు తనను తాను ఎప్పుడూ ఇతరుల కళ్ళతో చూసుకోవలసి రావడాన్ని ఆయన ద్వంద్వ చైతన్యం అన్నాడు. ఆ మాటకు మసి పూసుకున్న విలియమ్స్ ముఖం కన్నా మంచి ఉదాహరణ దొరకదు.

1906లో ఇథియోపియా నేపథ్యంగా ‘అబిసీనియా’, 1908లో ‘బండానా ల్యాండ్’ వచ్చాయి. ఈ చివరి నాటకంలోని ఎత్తు చెప్పుకోదగినది. నల్లవాళ్ళు కలిసి ఒక భూమి కొని అందులో కొంత రైలు కంపెనీకి అమ్ముతారు. మిగిలిన దాంట్లో నల్లవాళ్ళ కోసం పార్కు పెట్టి గోల చేస్తారు. వాళ్ళ పొరుగు భరించలేని కంపెనీ ఎక్కువ ధర ఇచ్చి ఆ భాగాన్ని కూడా కొంటుంది. అంటరానితనాన్నే పెట్టుబడిగా పెట్టి లాభం తీసుకోవడం అన్నమాట. తెల్ల ప్రేక్షకులు తమ అసహ్యానికి తామే కట్టిన సుంకాన్ని చూసి నవ్వారు. పై అంతస్తులో కూర్చున్నవాళ్ళ నవ్వు మాత్రం వేరు. ఒకే మాటకు రెండు అంతస్తుల్లో రెండు రకాల నవ్వు పుట్టించగలగడమే ఆ జంట విద్య.

మన బుర్రకథ తెలిసినవారికి ఇది అర్థం కావడం కష్టం కాదు. కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు నిలబడతారు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. హాస్యం చెప్పేవాడు పక్కకు నడవకపోతే రాజకీయం ఉపన్యాసమై తేలిపోతుంది. రాజకీయం చెప్పేవాడు లేకపోతే హాస్యం ఊరి పెద్దల వినోదమై మిగులుతుంది. ప్రజానాట్యమండలి ఆ కళను చేతిలోకి తీసుకున్నప్పుడు ఈ రెంటినీ విడదీయలేదు. విలియమ్స్, వాకర్ కూడా ఒకే కథకు రెండు వంతలు. విలియమ్స్ జనాన్ని నాటకశాలకు రప్పించాడు. వచ్చిన జనం ఇచ్చిన డబ్బుతో వాకర్ ఒక సంస్థను నిలబెట్టాడు. నటులు, గాయకులు, రచయితలు, సంగీతకారులు, దర్జీలు ఆ నీడలో బతికారు. 1908లో నల్ల రంగస్థల కళాకారులు ‘ఫ్రాగ్స్’ అనే సంఘం పెట్టుకుంటే దానికి అధ్యక్షుడు వాకరే.

ఈ జంట కథలో మూడో మనిషి పేరు తరచుగా జారిపోతుంది. ఆమె వాకర్ భార్య ఐదా ఓవర్టన్ వాకర్. గొప్ప నర్తకి, నృత్య దర్శకురాలు. బానిసలు తమ యజమానుల డాబు నడకను వెక్కిరిస్తూ పుట్టించిన కేక్‌వాక్ నాట్యాన్ని ఆమె సంపన్నుల ఇళ్ళలో నేర్పేది. ఒకనాటి వెక్కిరింత తమ తాతల గురించేనని తెలియకుండానే ఆ సంపన్నులు డబ్బిచ్చి నేర్చుకున్నారు. 1909లో వాకర్ నయంకాని వ్యాధితో వేదిక మీదే తడబడ్డాడు. ఫిబ్రవరి నాటికి ఇక ఆడలేకపోయాడు. అప్పుడు భర్త సూటు వేసుకొని, భర్త పాట పాడి, ‘బండానా ల్యాండ్’ ఆగిపోకుండా నడిపించింది ఐదానే. ఇద్దరు మగవాళ్ళ స్నేహం గురించి ఎంత రాసినా, ఆ స్నేహం కూలిన రోజున దాన్ని భుజాన మోసిన స్త్రీని గుర్తుచేసుకోకపోతే అది సగం చరిత్రే.

వాకర్ 1911 జనవరి 6న మరణించాడు. విలియమ్స్ ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు. ఇతర నటులతో కలిసి ఎన్నో దృశ్యాలు ఆడాడు గాని, తన పేరు పక్కన మరొకరి పేరు చేర్చి మళ్ళీ జంట కట్టలేదు. ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. పదహారేళ్ళు పేచీపడిన మనిషి పోయాక, ఆ పేచీ తనకు ఎంత అవసరమో అతనికి తెలిసి వచ్చి ఉంటుందని నా ఊహ.

ఈ కథలో రాజకీయంగా ముఖ్యమైన ఘట్టం ఇక్కడే మొదలవుతుంది. 1910లో విలియమ్స్ జీగ్‌ఫెల్డ్ ఫోలీస్ అనే ఘనమైన తెల్ల ప్రదర్శనలో చేరాడు. తెల్లవాళ్ళ మధ్య ఒకే ఒక నల్ల తార. సహనటులు కొందరు అతనితో ఆడబోమని మొరాయించారు. నిర్మాత వినలేదు. పేరు, ధనం రెండూ పెరిగాయి. మన పరిభాషలో చెప్పాలంటే ‘తొలి’ అన్న విశేషణం దక్కింది. దక్కనిది ఏమిటో 1919 ఆగస్టులో బయటపడింది. నటుల సంఘం సమ్మెకు దిగింది. ఆ సంగతి విలియమ్స్‌కు ఎవరూ చెప్పలేదు. అతను యథావిధిగా నాటకశాలకు వెళ్ళి, వేషం వేసుకొని, మసి పూసుకొని బయటికి వచ్చి చూస్తే హాలు ఖాళీ. అన్నేళ్ళు పక్కన నిలబడి ఆడినవాళ్ళకు ఆ ఒక్కడు గుర్తుకు రాలేదు. పెద్ద హోటళ్ళలో వెనక ద్వారం నుంచి, సామాన్లు తీసుకెళ్ళే లిఫ్టులో గదికి వెళ్ళవలసి వచ్చేది. చప్పట్లు ఇంకా చెవుల్లో మోగుతూ ఉండకపోతే ఇదంత బాధ కాదని అతను తోటి నటుడితో అన్నాడట. తాను చూసినవారిలో అందరికన్నా నవ్వించేవాడు అతనేననీ, తాను ఎరిగినవారిలో అందరికన్నా దుఃఖితుడు కూడా అతనేననీ డబ్ల్యూ.సి. ఫీల్డ్స్ చెప్పిన మాట ప్రసిద్ధం.

ఆ రోజుల్లో విలియమ్స్ ఆడిన మూకాభినయం ఒకటి ఉంది. ఒక్కడే కూర్చొని పేకాట ఆడతాడు. ఎదురుగా ఎవరూ ఉండరు. లేని మనుషులకు ముక్కలు పంచుతాడు, లేని మనుషుల ముఖాలు చదువుతాడు, చివరికి ఓడిపోతాడు. 1916 నాటి మూకీ చిత్రంలో అది నేటికీ చూడవచ్చు. మొదటిసారి చూసినప్పుడు నేనూ నవ్వాను. ఆ ఖాళీ కుర్చీల్లో ఒకటి వాకర్‌ది కావచ్చునని తర్వాత అనిపించింది.

విలియమ్స్‌కు ఏం జరిగిందన్నదే ప్రశ్న కాదు. నల్ల రంగస్థలానికి ఏం జరిగిందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. వాకర్‌తో పాటు ఆ తరానికి చెందిన మరికొందరు ముఖ్యులు కూడా 1909, 1911 మధ్యనే పోయారు. అంత పెద్ద ఎత్తున నల్ల సమాజం తయారుచేసిన సంగీత నాటకాలు బ్రాడ్‌వే నుంచి దాదాపు కనుమరుగయ్యాయి. 1921లో ‘షఫుల్ అలాంగ్’ వచ్చేదాకా అటువంటి విజయం లేదు. ఆ పదేళ్ళూ నల్ల ప్రతిభకు గుర్తింపు లేదని ఎవరూ అనలేరు. అదిగో విలియమ్స్ ఉన్నాడు కదా అని చూపించవచ్చు. ఒక సమూహం నిలబడిన చోట ఒక మినహాయింపు నిలబడింది. మినహాయింపును నెత్తిన పెట్టుకోవడం ఆధిపత్యానికి కష్టం కాదు. సమూహానికి చోటివ్వడమే కష్టం.

తెలుగునాట మనం ఈ దృశ్యాన్ని ఎరగమా? ఒక విశ్వవిద్యాలయ విభాగంలో ఒకే ఒక దళిత ఆచార్యుడు, ఒక పత్రికా కార్యాలయంలో ఒకే ఒక దళిత పాత్రికేయుడు, ఒక వేదిక మీద ఒకే ఒక కుర్చీ. ఆ ఒక్కడిని చూపించి అంతా బాగుందంటారు. ఆ ఒక్కడు కూడా తన చుట్టూ ఉన్న ఖాళీని తన సమర్థతకు గుర్తుగా పొరబడే ప్రమాదం ఉంది. మరోవైపు చిందు యక్షగానం వంటి కళలను తరతరాలుగా మోసిన కులాల కళాకారులు సభల ప్రారంభంలో స్వాగత దృశ్యమై, ఉపన్యాసాలు మొదలవగానే వేదిక దిగుతున్నారు. మన సినిమాల్లో ఎవరి యాసకు నవ్వు కేటాయించారో, ఎవరి చెంప మీద దెబ్బ హాస్యమైందో, ఎవరి రంగు పరిహాసమైందో విద్యార్థులు ఒక్కసారి లెక్క వేసి చూడాలి. అక్కడ మసి కనబడదు, అంతే తేడా.

మన ఉద్యమాల లోపల కూడా ఇదే జంట ఎదురెదురుగా నిలబడి ఉంది. నవ్వుతూ లోపలికి వెళ్ళినవాణ్ణి అమ్ముడుపోయాడంటాం. గట్టిగా అడిగినవాణ్ణి పని చెడగొట్టాడంటాం. ఎవరు ఎక్కువ స్వచ్ఛమైనవారో తేల్చడంలోనే మన శక్తి సగం ఖర్చవుతుంది. నేను విలియమ్స్ మసిని సమర్థించడం లేదు. అతని నవ్వు ఒక పాత అబద్ధానికి కొత్త ఊపిరి కూడా పోసిందన్న విమర్శలో నిజం ఉంది. అది అతనికీ తెలుసని అతని ముఖమే చెబుతుంది. అలాగే వాకర్ డాబు వెనక ఉన్న వ్యక్తిగత దోషాలను దాచనక్కరలేదు. విమర్శ ఉండాలి. కాని విమర్శించేటప్పుడు ఆ ఇద్దరి మధ్య గీత గీసింది ఎవరన్న ప్రశ్నను వదిలిపెడితే, మనం కూడా పై అంతస్తు నుంచి దిగివచ్చి కింది వరుసల్లో కూర్చున్నట్టే. విలియమ్స్, వాకర్ పదహారేళ్ళు వాదించుకున్నారు. ఆ వాదం కోసం సంస్థను చీల్చలేదు. నేర్చుకోవలసింది అదే. ఒకరి పద్ధతి మరొకరికి నచ్చకపోయినా, ఒకరు సంపాదించిన చోటులో మరొకరు ఇల్లు కట్టారు.

1922 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో విలియమ్స్ వేదిక మీద కుప్పకూలాడు. అది కూడా హాస్యమేనని ప్రేక్షకులు నవ్వారని చెబుతారు. మార్చి 4న మరణించాడు. అప్పటికి అతనికి 47 ఏళ్ళు. ఆ సంగతి చదివిన రాత్రి నాకు మా కళాశాల హాలు గుర్తుకు వచ్చింది. మా మూడో నాటికలో నా మిత్రుడు పడ్డప్పుడు వాడి మోకాలికి నిజంగానే దెబ్బ తగిలింది. రక్తం కనబడుతున్నా హాలు నవ్వుతూనే ఉంది. నేను నాటిక ఆపలేదు. తర్వాతి సంభాషణ అందుకున్నాను.

వాడు ఇప్పుడు మా జిల్లాలోనే ఒక ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడు. పిల్లల చేత నాటికలు వేయిస్తాడు. జీతగాడి వేషం ఏ పిల్లాడికీ రెండోసారి రాకుండా చిట్టీలు వేస్తాడు. ఒక ఏడాది ఆ వేషం ఊరి పెద్ద కొడుక్కి వచ్చిందనీ, హాలులో నవ్వు ఎక్కడా వినబడలేదనీ నాకు చెప్పాడు. అప్పుడు నాకు తోచిన మాటతో ముగిస్తాను. ఆనాడు నేను నిలదీయవలసింది వాణ్ణి కాదు, ఆ హాలును. వేదిక ఎక్కిన ఇద్దరిలో ఎవరిది ఆత్మగౌరవమో కొలిచే ముందు, కింద కూర్చొని వేషాలు పంచుతున్నవారెవరో అడగడం మనం మొదలుపెట్టాలి. ఆ ప్రశ్నను నవ్వించేవాడూ, నిలదీసేవాడూ కలిసి అడగాలి.